కొల్లేటి పచ్చ

హైదరాబాదు,
4 ఆగస్టు 2025.

మామయ్యకు నమస్కారం. అత్తయ్యకి వేరేగా ఇంకొకటి. ఒకే నమస్కారంలో ఇద్దరినీ సర్దేస్తే ఆవిడకి కోపం వస్తుందని నాకు తెలుసు.

ఫోన్ చేస్తే మీ చెవి మిషను కీచుమంటోందని అమ్మ చెప్పింది. వాట్సాప్‌లో రాస్తే అది ఉత్తరం కాదంటారట. "మేనమామతో పరిశోధన సంగతి మాట్లాడాలంటే కాగితం మీద రాయమను. ఫోన్లో చెప్పింది గాల్లో కలిసిపోతుంది" అన్నారట. సరే, రాస్తున్నాను. తప్పులుంటే దయచేసి ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకండి. ఇంటర్‌లో ఒకసారి పంపారు, నాన్న దాన్ని తాడేపల్లిగూడెం కొట్లో వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

నా పిహెచ్‌డీ దేనిమీదో మీకు తెలిసిందే. ఎలుకజాతి జంతువుల కంటిగుడ్డు వెనక హార్డేరియన్ గ్రంథి ఉంటుంది, అందులో ఎర్రటి వర్ణకాలుంటాయి. ఎలుక బెదిరినా, జబ్బుపడినా కళ్ళ చుట్టూ నెత్తురులా కారేది అదే. ఆ వర్ణకాల మీద అరవై ఏళ్ళుగా ఎవరికి తోచినట్టు వాళ్ళు పరీక్షలు చేసి ఫలితాలు రాశారు. వాటన్నిటినీ ఇప్పటి మిషన్లతో మళ్ళీ పరీక్షించడం నా పని. జాబితాలో ముప్పై ఒక్క పేపర్లున్నాయి. పంతొమ్మిదోది మీది.

1998లో మీరు అచ్చువేసిన ఆ నాలుగు పేజీలు మళ్ళీ చదివాను. కొల్లేటి చుట్టుపక్కల పొలాల్లో ఎలుకలకి ఎరుపుతో పాటు ఒక పచ్చ వర్ణకం కూడా ఉంటుందని, అది వరి కంకులు పాలుపోసుకునే రోజుల్లోనే కనబడుతుందని రాశారు. ఇంకెవరికీ అది దొరకలేదు. నేను కామవరపుకోట నుంచి ఎనిమిది ఎలుకలు తెప్పించి చూశాను, నాకూ దొరకలేదు. మా గైడ్ దుర్గాభవాని గారు మీ పాత సీసాలు, నోటుపుస్తకాలు ఉంటే అడగమన్నారు. పంపిస్తారా?

మీ మేనకోడలు,
హిమజ.


ఏలూరు,
11 ఆగస్టు 2025.

హిమజా,

ఆశీస్సులు ఉత్తరం చివర ఉన్నాయి. ముందు కోపం కాస్త కానివ్వు.

కామవరపుకోట ఎలుకలా! అవి మెట్ట ఎలుకలు. పామాయిల్ తోటల్లో తిరిగే ఎలుకని కోసి, కొల్లేటి పచ్చ కనబడలేదని నువ్వు నాకు ఉత్తరం రాశావు. రేపు గోదావరిలో పులస దొరకలేదని చెరువులో వల వేస్తావు కాబోలు. పేపరు శీర్షికలోనే 'కొల్లేరు' అని ఉందే, శీర్షిక కూడా చదవకుండానే పంతొమ్మిదో నంబరు వేశారా మీ ల్యాబ్‌లో?

ఆ నాలుగు పేజీల వెనక ఏముందో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఉల్లిపాయల మార్కెట్లో కొట్టు మీద కూర్చోమంటే కూర్చోకుండా జువాలజీ చదివానని మా నాన్నకి మొదటి కోపం. కోమటింట పుట్టి ఎలుకల్ని కోస్తున్నానని రెండో కోపం. ఆ రెండోదానికి ఏడాదిపాటు ఆయన నాతో మాట్లాడలేదు. తొంభై అయిదు, తొంభై ఆరు, రెండేళ్ళు నేను ప్రతి శనాదివారాలూ సైకిలు మీద పెదపాడు పోయాను. ఇప్పుడక్కడ ఎలుకలు పట్టే రాజరత్నం ఉన్నాడే, వాళ్ళ నాన్న గట్ల మీద బుట్టలు పెట్టి పట్టిన ఎలుకల్ని అక్కడే చెరువు గట్టున కోసి, గ్రంథులు స్పిరిట్‌లో నూరి, తెల్లగాజు ఇంజెక్షన్ సీసాల్లో పోసి తెచ్చేవాణ్ణి. కాలేజీలో ఫ్రిజ్ లేదు. మన ఇంటి ఫ్రిజ్ పై అరలో పెట్టి, పది రోజులకోసారి కాలేజీ బీరువాలోకి మార్చేవాణ్ణి. అలా కనుక్కున్నది అది. ముప్పై మూడేళ్ళు పిల్లలకి కప్పని కోయడం నేర్పాను, అదేమీ కనుక్కోవడం కాదు. నేను కనుక్కున్నది ఈ ఒక్కటే.

ఇంకో సంగతి. డిసెంబరు ఇరవయ్యో తేదీన మా కాలేజీ జువాలజీ శాఖకి యాభై ఏళ్ళ సభ. పాత అధ్యాపకుల్లో నన్నొక్కణ్ణే మాట్లాడమన్నారు. విషయం 'కొల్లేటి పచ్చ' అని కార్డు కూడా వేసేశారు. నీ పరీక్షలు ఏమున్నా అప్పటిలోపు సరిగ్గా చెయ్యి.

సీసాలు ఇరవై మూడున్నాయి. నోటుపుస్తకాల సంగతి తర్వాత చూద్దాం. కొల్లేటి ఎలుకలు కూడా పంపుతాను. ఎలా పంపాలో రాయి.

ఆశీస్సులు.
మామయ్య.


హైదరాబాదు,
30 ఆగస్టు 2025.

మామయ్యకి,

మెట్ట ఎలుకల విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఇక దాన్ని వదిలెయ్యండి. మీరు అమ్మకి ఫోన్ చేసి "నీ కూతురు నా పరిశోధనని పామాయిల్ తోటలో పాతిపెట్టింది" అన్నారట. ఫోన్లో వినబడదంటారు, తిట్టడానికి మాత్రం బాగానే పనిచేస్తుందన్నమాట.

ఎలుకల తలలు మాత్రమే కావాలి. కోసిన వెంటనే నల్లకవరులో చుట్టి, ఐసులో పెట్టి, ఆ రోజే పంపాలి. స్పిరిట్ వద్దు. పాత సీసాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే, మూత తియ్యకుండా, నల్లకాగితంలో చుట్టి పంపండి. ల్యాబ్ చిరునామా వేరే చీటీ మీద రాసి జతచేశాను. దయచేసి ఆ చిరునామాకే పంపండి. హాస్టల్‌కి వద్దు. మళ్ళీ చెబుతున్నాను, హాస్టల్‌కి వద్దు.

డిసెంబరు ఇరవై సంగతి గుర్తుంది. నా థీసిస్‌లో ఈ అధ్యాయం నవంబరు ఇరవై ఎనిమిదికి ఇచ్చెయ్యాలి. ఇద్దరికీ తొందరే.

హిమజ.


ఏలూరు,
22 సెప్టెంబరు 2025.

హిమజా,

ఎలుకలు పంపాను. పెట్టె మీద 'రొయ్యలు' అని ఉంటుంది, కంగారుపడకు.

సంగతేమిటంటే, పెదపాడులో రాజరత్నం పన్నెండు పట్టాడు, మేలైనవి, చెరువుల పక్కన వరి గట్ల మీదవి. చేపల లోడింగ్ దగ్గర ఐసు వేయించే అబ్దుల్ గారు నా పాత విద్యార్థి తండ్రి. ఆయనే దగ్గరుండి థర్మాకోల్ పెట్టెలో మీద ఒక వరస, కింద ఒక వరస ఐసు కొట్టి సీలు వేయించారు. "మాస్టారూ, రొయ్యలకి కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదండీ నేనెప్పుడూ" అన్నారు. బస్సు కార్గో ఆఫీసులో మాత్రం ఎలుక తలలంటే తీసుకోనన్నారు. పెట్టె మీద ఉన్న ముద్ర ఉన్నట్టే ఉంచి ఇచ్చేస్తే తీసుకున్నారు. ఇందులో నేను అబద్ధం ఆడింది లేదు. అడగలేదు, చెప్పలేదు.

పాత సీసాలు కూడా అదే పెట్టెలో, నువ్వన్నట్టే నల్లకాగితం చుట్టి పెట్టాను.

నువ్వు పంపిన చిరునామా చీటీ మీ అత్తయ్య నేతిగిన్నె కింద పెట్టింది. అక్షరం ఒక్కటి కనబడలేదు. హాస్టల్ చిరునామా అయితే మీ అమ్మ దగ్గరుంది కాబట్టి దానికే పంపాను.

మామయ్య.


హైదరాబాదు,
8 అక్టోబరు 2025.

మామయ్యా,

ఏమని రాయను? నేను ల్యాబ్‌లో ఉండగా పెట్టె హాస్టల్‌కి వచ్చింది. నా రూమ్మేట్ కెజియా భీమడోలు అమ్మాయి, ఏలూరు నుంచి రొయ్యలొచ్చాయని తెగ సంబరపడింది. స్టవ్ మీద నూనె పెట్టి, ఉల్లిపాయలు తరిగి, ఆ తర్వాత పెట్టె తెరిచింది. రెండు రోజులు అన్నం తినలేదు. వార్డెన్ నా చేత కాగితం రాయించుకుంది. నేను ఎన్నిసార్లు రాశాను, హాస్టల్‌కి వద్దని?

ఇక ఫలితాలు. పన్నెండు ఎలుకల్లోనూ ఎరుపే, పచ్చ లేదు. మీరు ఏమంటారో తెలుసు, ఇంకా వరి పాలుపోసుకోలేదు అంటారు. సరే. కానీ పాత సీసాలు చూడండి. ఇరవై మూడింట్లో పద్నాలుగు పచ్చగా ఉన్నాయి, తొమ్మిది ఎర్రగా ఉన్నాయి. కాబట్టి మీరు పచ్చ చూసిన మాట నిజమే. అది చూసి నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

అయితే ఒక చిక్కుంది. సీసాల మీద మీరు వేసిన తారీఖులు వరసగా పెట్టాను. తొంభై అయిదులో పచ్చవన్నీ అక్టోబరు ఇరవై తొమ్మిది నుంచి నవంబరు పంతొమ్మిది మధ్యవి. తొంభై ఆరులో నవంబరు పదహారు నుంచి డిసెంబరు ఏడు మధ్యవి. రెండేళ్ళకీ పద్దెనిమిది రోజుల తేడా. వరి పాలుపోసుకోవడం అంత ఖచ్చితంగా పద్దెనిమిది రోజులు వెనక్కి జరుగుతుందా?

దుర్గాభవాని గారు మీకు ఒక ఉత్తరం పంపుతున్నారు, నోటుపుస్తకాలు అడుగుతూ. అది ముప్పై ఒక్కమందికీ పంపే ఉత్తరమే, ఒకే నమూనా. మనసులో పెట్టుకోకండి.

హిమజ.


ఏలూరు,
17 అక్టోబరు 2025.

హిమజా,

నీ ఉత్తరం కంటే మూడు రోజుల ముందు మీ గైడ్‌గారి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో, సంస్థ ముద్రతో. 'అసలు రికార్డులు పదిహేను రోజుల్లో పరిశీలనార్థం సమర్పించవలెను' అట. నేను ఏం దొంగిలించాను తల్లీ, సమర్పించడానికి? పోలీసు స్టేషన్‌కి రమ్మన్నట్టుంది. మా పక్కింటి రాజకుమార్ గారి చేత మళ్ళీ చదివించాను, ఆయన రెవెన్యూలో పనిచేసినాయన. "నోటీసేనండీ ఇది" అన్నారు. దానికి తోడు మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, పచ్చరంగు లేదంటగా" అని ఏడ్చినంత పనిచేసింది. ముందు నాకు చెప్పకుండా తాడేపల్లిగూడెమంతా టముకు వేస్తావా?

నోటుపుస్తకాలు పంపను. పంపనంటే పంపను. నా నలభై ఏళ్ళ నిజాయితీని పదిహేను రోజుల గడువులో పరిశీలించేంత ఖాళీ మీ సంస్థకి ఉందేమో గాని, నాకు లేదు.

పద్దెనిమిది రోజుల తేడాకి కారణం తెలియదా? తొంభై ఆరులో తుఫాను వచ్చింది, పంట వెనకబడింది. ఆ సంగతి నీకు తెలియకపోవచ్చు, నువ్వు పుట్టలేదు. ఇప్పుడు వరి పాలు మీద ఉంది. రాజరత్నానికి చెప్పాను, మళ్ళీ పడతాడు. ఈసారి ల్యాబ్ చిరునామాకే పంపుతాను.

ఇంట్లో ఇంకో గొడవ. కార్తీకమాసం ఇంకో అయిదు రోజుల్లో వస్తోంది. ఎలుకల పెట్టె ఈ నెలలో గుమ్మం దాటితే పుట్టింటికి వెళ్ళిపోతానంటోంది మీ అత్తయ్య. అరవై మూడేళ్ళకి పుట్టిల్లేమిటో, అక్కడ ఎవరున్నారో, నాకైతే తెలియదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

మామయ్య.


హైదరాబాదు,
3 నవంబరు 2025.

మామయ్యా,

కోపం రాకుండా నిదానంగా చదవండి. కూర్చుని చదవండి.

మీ ఉత్తరంలో కార్తీకమాసం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఫోన్లో పంచాంగం తీసి పాత సంవత్సరాలు చూశాను. తొంభై అయిదులో కార్తీకం అక్టోబరు ఇరవై అయిదున మొదలై నవంబరు ఇరవై రెండున అయిపోయింది. తొంభై ఆరులో నవంబరు పన్నెండు నుంచి డిసెంబరు పది. మీ పచ్చ సీసాలు పద్నాలుగూ ఆ రెండు నెలల్లోనివే. ఒక్కటి కూడా బయటికి పోలేదు. తుఫాను కాదు మామయ్యా. పంట తిథులు చూసుకుని పండదు కదా.

రాజరత్నం గారు రెండోసారి పట్టిన ఎలుకలు అందాయి, ఈసారి సరైన చిరునామాకే. వరి పాలు మీద ఉన్నప్పటివే. వాటిలో కూడా ఎరుపే. కొన్నిటి గ్రంథులు మీ పద్ధతిలోనే స్పిరిట్‌లో నూరి, తెల్లగాజు సీసాల్లో పోసి, సగం నల్లకాగితం చుట్టాను, సగం చుట్టలేదు. అన్నిటినీ హాస్టల్ డాబా మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి చుట్టినవి ఎర్రగానే ఉన్నాయి. చుట్టనివి పచ్చబడ్డాయి. మిషన్‌లో పెట్టి మీ పాత సీసాలతో పోల్చాను. అదే పదార్థం, తేడా లేదు.

కాబట్టి మీ పచ్చ నిజమే, అది ఎలుకలో లేదు. సీసాలో, ఎండకి పుట్టింది. ఫ్రిజ్‌లో ఉన్న సీసాలకి ఎండ ఎలా తగిలిందో మీ పేపర్లో లేదు. కార్తీకంలో ఆ ఫ్రిజ్‌లో ఏం పెట్టనిచ్చేవారో, ఏం పెట్టనిచ్చేవారు కాదో ఒక్క మనిషికే తెలుసు. అత్తయ్యని అడగండి.

మిమ్మల్ని ఎవరూ దొంగ అనరు. నేను అననివ్వను.

హిమజ.


ఏలూరు,
10 నవంబరు 2025.

హిమజా,

అడగను.

ముప్పై ఏళ్ళనాటి సంగతి. ఆ ఫ్రిజ్‌లో సీసాలు పెట్టేది నేను, తీసేది నేను. మీ అత్తయ్య వాటి వైపు చూడనైనా చూసేది కాదు, ఆ అర వైపు ముఖం తిప్పుకుని పాలగిన్నె తీసుకునేది. ఎండ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఫ్రిజ్ బల్బులోంచా?

హాస్టల్ డాబా మీద సాయంత్రానికి తేలిందానితో రెండేళ్ళ పని తీసి పారేస్తావా? కార్తీకం కూడా కోతల ముందే వస్తుంది. రెండూ ఒకే రోజుల్లో పడ్డంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం కాదు. ఇది నేను డిగ్రీ మొదటి ఏడు పిల్లలకి చెప్పే పాఠం.

సభకి వస్తానో రానో ఇంకా కాలేజీ వాళ్ళకి చెప్పలేదు. కార్డులు మాత్రం పంచేశారు.

మామయ్య.


హైదరాబాదు,
15 నవంబరు 2025.

మామయ్యా,

మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అమ్మ ఎప్పుడూ అంటుంది. నేను మీ వైపు మాట్లాడేదాన్ని. ఇక మాట్లాడను.

మీరు నేర్పిన పాఠమే నేనూ చేశాను. ఒకదానికి నల్లకాగితం చుట్టాను, ఇంకొకదానికి చుట్టలేదు. అంతకంటే ఏం చెయ్యమంటారు? ముప్పై ఒక్క పేపర్లలో ఇరవై రెండు నిలబడలేదు. అందులో మీకంటే ఎంతో పెద్దవాళ్ళున్నారు. ఒకాయన "సంతోషం, నా తర్వాత ఎవరైనా చూస్తారా అని ఎదురుచూస్తున్నాను" అని జవాబు రాశారు. మీరేమో బల్బు గురించి రాశారు.

ఇరవై ఎనిమిది లోపు నేను ఇచ్చెయ్యాలి. మీకు కష్టం కలగకుండా ఒక వాక్యం రాసి పెట్టాను. 'ఇంట్లో నిల్వ ఉన్నప్పుడు సీసాలకు అనుకోకుండా ఎండ తగిలి ఉండవచ్చు.' ఇంతే. మీరు అడగకపోయినా ఈ వాక్యం సరిపోతుంది. కానీ నాకు తృప్తిగా లేదు. ఎన్ని గంటల ఎండ, ఎన్ని రోజులు అన్నది తెలిస్తే ఆ అధ్యాయం పూర్తవుతుంది. మీరు అడగకపోతే నేనే అత్తయ్యకి ఫోన్ చేస్తాను. ఆవిడ చెవులు బాగానే ఉన్నాయి.

హిమజ.


ఏలూరు,
21 నవంబరు 2025.
పోలిపాడ్యమి.

హిమజా,

అడిగాను.

నిన్నటితో కార్తీకం అయిపోయింది. ఈ తెల్లవారుజామున మీ అత్తయ్య అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలి వచ్చింది. నెల రోజుల ఉపవాసాలు అయిపోయాయి కాబట్టి మనిషి కాస్త శాంతంగా ఉంటుందని ఇవాళ్టిదాకా ఆగాను. నిజం చెప్పాలంటే, భయం వేసి ఆగాను. కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని అడిగాను.

"కామాక్షీ, తొంభై అయిదులో నా సీసాలు ఫ్రిజ్‌లో ఉండేవి గుర్తుందా? కార్తీకంలో వాటిని ఏమన్నా చేసేదానివా?"

"డాబా మీద పెట్టేదాన్నండీ" అంది, కాఫీ చల్లార్చుకుంటూ.

ఇంత తేలికగా.

"అదేంటండీ అలా చూస్తారు? శివుడి అభిషేకం పాల పక్కన ఎలుక కళ్ళు పెట్టుకోమంటారా? మీరు కాలేజీకి వెళ్ళగానే పటకారుతో తీసి, బేసిన్లో పెట్టి, డాబా పిట్టగోడ మీద పెట్టేసి, మళ్ళీ తలకి పోసుకుని మడి కట్టుకునేదాన్ని. చీకటి పడి, నక్షత్రం చూసి, నా భోజనం అయ్యాక మళ్ళీ లోపల పెట్టేసేదాన్ని. ట్యూషన్లు చెప్పుకుని మీరు ఎనిమిదిన్నరకి గదండీ వచ్చేది."

"శనాదివారాలు?"

"మీరు ఎలుకల కోసం పెదపాడు పోయేవారుగా."

ముప్పై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో, పక్కపక్క పీటల మీద భోంచేస్తూ నా దగ్గర దాచిందని కోపం నషాళానికి ఎక్కింది. "ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. రాజకుమార్ గారు గోడ అవతల్నుంచి తొంగిచూశారు.

"చెప్పానండీ" అంది.

"ఎప్పుడు?"

"అప్పుడే చెప్పానండీ. మొదటి ఏడు, క్షీరాబ్ది ద్వాదశి నాడు. తులసికోట దగ్గర దీపాలు పెట్టుకుని లోపలికొచ్చాను. మీరు బల్ల దగ్గర రాసుకుంటున్నారు. 'ఏవండీ, మీ సీసాలు ఎండలో పెడితే పచ్చబడుతున్నాయండీ, నీళ్ళ ట్యాంకు నీడన ఉన్నవి ఎర్రగానే ఉంటున్నాయండీ, ఒకసారి చూసుకోండి' అన్నాను. మీరు 'ఊ' అన్నారు."

"ఊ అన్నంత మాత్రాన విన్నట్టేనా?"

"మరి విన్నట్టే కదండీ నేననుకున్నది? మీరు తిట్టలేదు కూడాను. అయితే డాబా మీద పెట్టినా పర్లేదన్నమాట అనుకున్నాను. తర్వాత ఆ పుస్తకంలో అచ్చయ్యాక, ఎండ సంగతి కూడా రాసే ఉంటారనుకున్నాను. ఇంగ్లీషు కదండీ, నాకేం తెలుస్తుంది."

ఇదీ జరిగింది. మీ అత్తయ్య కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడకి ఇందులో పెద్ద విశేషమేమీ కనబడలేదు. నేను మాత్రం బీరువా తెరిచి, మీ గైడ్‌గారికి పంపనన్న నోటుపుస్తకం తీశాను. తొంభై అయిదులో క్షీరాబ్ది ద్వాదశి ఏ రోజో పంచాంగంలో చూసుకున్నాను. నవంబరు నాలుగు, శనివారం. ఆ పేజీలో నా చేతిరాత, నీలం సిరా. 'సీసాలు 3. పచ్చ వర్ణకం, మొదటిసారి. కారణం తెలియదు.'

హిమజా, ఆవిడ కారణం చెబుతున్నప్పుడు నేను రాసుకుంటున్నది ఇదే. కారణం తెలియదు అని రాస్తూ 'ఊ' అన్నాను.

నా బాధ కనుక్కున్నది పోయినందుకు కాదు. అదీ బాధే, ఎందుకు దాచుకోవాలి, చాలా బాధగానే ఉంది. కానీ దానికంటే, ఎండలోది ఒకటి, నీడలోది ఒకటి పోల్చి చూసి, తేడా గమనించి, వచ్చి నాకు చెప్పిన మనిషి నా ఇంట్లోనే ఉంది. మూడు వందల మంది విద్యార్థుల్లో అలా చూసేవాడు ఒక్కడైనా దొరకడా అని నేను స్టాఫ్ రూమ్‌లో వాపోయేవాణ్ణి.

కాబట్టి నీ వాక్యం కొట్టెయ్యి. 'అనుకోకుండా' కాదు. ఆవిడ కావాలనే, మడి కోసం పెట్టింది. 'తగిలి ఉండవచ్చు' కూడా కాదు, తగిలింది. ఇలా రాయి. 'సీసాలను కార్తీకమాసంలో రోజూ ఎండలో ఉంచారు. ఎండవల్ల పచ్చబడటాన్ని మొదట గమనించినవారు కామాక్షి, 1995 నవంబరులో. ఆమె చెప్పింది, రచయిత వినలేదు.' చివరి వాక్యం మర్యాదగా లేదని మీ గైడ్‌గారు తీసేస్తానంటారు. తియ్యొద్దని చెప్పు. అది కూడా ఒక ఫలితమే. నోటుపుస్తకాలు మూడూ రేపు స్పీడ్ పోస్టులో గైడ్‌గారి పేరుకే పంపుతున్నాను. ఆవిడకి నేను రాసిన జవాబు కాస్త ఘాటుగా ఉంటుంది, పాతది, ముందే పోస్టు చేసేశాను. క్షమించమను.

ఇరవయ్యో తేదీన సభకి వెళుతున్నాను. కార్డు మీద ఉన్న విషయమే మాట్లాడతాను, కొల్లేటి పచ్చ. మొత్తం చెబుతాను. పక్కన మీ అత్తయ్యని కూర్చోమంటే "ఎలుకల సభలో నాకేం పనండీ" అంటోంది. నువ్వు వచ్చి తీసుకెళ్ళు. నా మాట ఎలాగూ వినదు, వినాల్సిన అవసరం కూడా లేదు.

పుస్తకాలు పంపే ముందు ఆ పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. 'కారణం తెలియదు' కింద ఖాళీ ఉంది, నువ్వు చూసింది రాయి అన్నాను. ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలంది. అయినా కలం తీసుకుంది. నేను చెప్పి రాయించలేదు. ఇలా రాసింది: 'ఎండ. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పొద్దు కుంకేదాకా. ట్యాంకు నీడన ఉన్నవి మారలేదు.' కింద సంతకం చేసింది.

"తారీఖు ఏం వెయ్యమంటారండీ?" అంది.

తొంభై అయిదు నవంబరు నాలుగు వెయ్యమన్నాను.

"అలా ఎలా వేస్తానండీ? మీరు విన్నది ఇవాళ కదా" అని, ఇవాళ్టి తారీఖే వేసింది.

ఆశీస్సులతో,
మామయ్య.